మా అత్తగారి మోకాళ్ళు

మేమిద్దరము తోడికోడండ్రము. రాజమహేంద్రవరమున గోదావరికి మూడు వీధుల దూరములో, ఒక్క కప్పు క్రింద, ముప్పది సంవత్సరములకు పైగా కాపురము చేయుచున్నాము. మేము వైద్యులము కాము, పండితులమును కాము. అయినను మా యింట జరిగిన యొక పొరపాటును, దానిని దిద్దుకొనుటకు మేము చేసిన ప్రయత్నమును మీతో చెప్పుకొనవలెనని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము. ఆ పొరపాటు కోపమువలన గాని అలక్ష్యమువలన గాని కలిగినది కాదు; ప్రేమవలన కలిగినది. అందుచేతనే అది పొరపాటని తెలియుటకు మాకు ఏడెనిమిదేండ్లు పట్టినది.

మా అత్తగారు పనిమంతురాలు. మేము కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఆమె తెల్లవారుజామున లేచి, వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టి, మేము కన్నులు నులుముకొనుచు వచ్చుసరికి సగము వంట పూర్తిచేసి యుండెడివారు. ఆవకాయ దినములలో ఇంటిల్లిపాదికిని కారము దంచినది ఆమెయే. కార్తికమాసమున నెల దినములును చీకటితోనే గోదావరికి పోయి స్నానము చేసి, తడిబట్టలతో తిరిగి వచ్చి తులసి కోటకడ దీపము పెట్టెడివారు. అట్టి మనిషికి అరువదియేండ్లు దాటిన పిమ్మట మోకాళ్ళ నొప్పులు ప్రారంభమయ్యెను. మొదట మెట్లు దిగునప్పుడు మాత్రమే బాధించెడివి. తరువాత పీటమీద కూర్చుండి లేచునప్పుడు. ఆ తరువాత ప్రొద్దుట మంచము దిగి మొదటి పది అడుగులు వేయునప్పుడు.

ఆమె మూలుగు వినలేక మేము చేయదగిన సేవలన్నియు చేసితిమి. "అత్తయ్యగారూ, మీరు లేవకండి, మేం చూసుకుంటాం" అనుట మాకు ఊతపదమయ్యెను. ముందు వాకిటి ముగ్గు మేము పుచ్చుకొంటిమి. తరువాత వంట. పూజకు పీట తీసివేసి కుర్చీ వేసితిమి. కాఫీ మంచముకడకే పోయెను. కొన్నాళ్ళకు అన్నపు కంచమును ఆ త్రోవనే పోయెను. మంచినీళ్ళ చెంబు, మందుల డబ్బా, విసనకఱ్ఱ, పంచాంగము, జపమాల, అన్నియు చేయి చాపిన అందునట్లు అమర్చితిమి. ఇరుగు పొరుగువారు వచ్చి చూచి, "కోడళ్ళంటే మీరేనమ్మా" అని మెచ్చుకొనిరి. నిజము చెప్పవలెనన్న ఆ మెప్పు మాకు తీయగానే యుండెను.

2015 సంవత్సరము జూలైలో గోదావరి పుష్కరములు వచ్చెను. ఎక్కడెక్కడి నుండియో లక్షలాది జనము మా వీధిమీదుగా నదికి పోవుచుండ, పుట్టినది మొదలు ఆ నదిలో మునిగిన మా అత్తగారు మాత్రము పెరటి స్నానపు గదిలో కుర్చీమీద కూర్చుండి, మేము బిందెతో తెచ్చిన నీళ్ళతో పుష్కర స్నానమయిన దనిపించుకొనిరి. "ఇక్కడికొచ్చిందీ గోదారే కదే" అని ఆమె నవ్విరి. మేమును నవ్వితిమి. ఆ నవ్వు వెనుక నేమున్నదో ఆనాడు మేము తరచి చూడలేదు.

ఈ నడుమ ఆమె వాడని మందు లేదు. నువ్వులనూనె మర్దనములు, ఇసుక కాపడములు, పట్టీలు, పైపూతలు అయినవి. వానివలన ఆ పూటకు హాయి కలుగుట నిజమే. మందుల దుకాణములో అడిగి తెచ్చుకొన్న నొప్పి బిళ్ళలు మాత్రము రెండేండ్లు వరుసగా మ్రింగుటచే కడుపులో మంట పుట్టెను. రక్తపు పోటు పెరిగెను. పరీక్ష చేయింపగా మూత్రపిండముల పని కొంత మందగించినట్లు తేలెను. అట్టి బిళ్ళలు వైద్యుని సలహాపై కొలది దినములు వాడదగినవే గాని, వృద్ధులు, అందును రక్తపు పోటుగలవారు, తమంతట తాము నెలల తరబడి మ్రింగదగినవి కావని మాకప్పటికి గాని తెలియలేదు.

2022 మాఘమాసములో ఒకనాటి తెల్లవారుజామున మా అత్తగారు స్నానపు గదిలో పడిపోయిరి. కాలు జారలేదు, నేల తడిగానైనను లేదు. కమోడు మీదనుండి లేవబోయి, సగము లేచి, తొడలు వణకి కూలబడిరి. దైవవశమున ఎముక విరుగలేదు. కాని ఇద్దరు కొడుకులును కలిసి ఎత్తవలసి వచ్చెను. ఆ సమయమున ఆమె ముఖమును మేము మరువజాలము. నొప్పికంటె సిగ్గు ఎక్కువగానుండెను. ఆ రాత్రి మాలో పెద్దదానితో, "నన్నిలా ఎంతకాలం మోస్తారే?" అని ఒక్కమాట మాత్రము అనిరి.

మరునాడు మమ్ము చూచిన వైద్యురాలు ఎక్సురే తీయించి, మోకాళ్ళు నొక్కి చూచి, కుర్చీలో చేతులు ఆనక లేచి నిలువుమని అడిగిరి. మా అత్తగారు లేవలేకపోయిరి. అప్పుడా వైద్యురాలు మాతో ఇట్లనిరి: "మోకాళ్ళు అరిగిన మాట నిజమేనమ్మా. కానీ నిన్న ఆవిణ్ణి పడేసింది మోకాలు కాదు. తొడల్లో బలం లేకపోవడం. ఎన్నాళ్ళయింది ఈవిడ ఇంట్లో తిరిగి?" మేము ఒకరి మొగము నొకరము చూచుకొంటిమి. లెక్క వేసి చూడ, ఏడేండ్లు! కూర్చుండబెట్టినది మేమే.

ఆమె చెప్పిన సంగతి మీకును ఉపయోగించునని ఇక్కడ వ్రాయుచున్నాము. మోకాటిలో రెండెముకలు కలియుచోట నున్నటి మృదులాస్థి యుండును. దీనినే మనవారు 'గుజ్జు' అందురు. "గుజ్జు అయిపోయింది, నడిస్తే ఉన్నది కూడా అరిగిపోతుంది" అని మన యిండ్లలో తరచుగా వినుచుందుము. చెప్పు అడుగు నడచినకొలది అరుగును; నిజమే. కాని మోకాలు చెప్పు కాదు. మృదులాస్థిలోనికి రక్తనాళములు పోవు. కీలులోనున్న ద్రవమే దానికి ఆహారము. కాలు కదలినప్పుడు, బరువు పడి తీసినప్పుడు, నీటిలో ముంచిన స్పంజివలె అది ఆ ద్రవమును పీల్చి విడుచును. కదలిక లేనిచో ఆ పోషణ కుంటువడును. అంతేకాక, మోకాటి మీద పడు భారమును కొంతవరకు భరించునవి తొడ ముందటి కండరములు. వృద్ధాప్యమున మంచమునకు అంటుకొనిపోయిన ఆ కండరములు వేగముగా క్షీణించును. కండరము క్షీణించిన కీలుపై భారము హెచ్చును, నొప్పి హెచ్చును. నొప్పి హెచ్చిన మనిషి మరింత కూర్చుండును. ఇది గానుగెద్దు త్రోవ. ఎక్కడనో యొకచోట దీనిని తెంపవలెను.

"ఎక్కడ తెంపవలెను?" అని మేమడిగితిమి. వైద్యురాలు బిళ్ళల చీటీతోపాటు మరియొక మాట చెప్పిరి. మా పేటలోనే, ఫిజియోథెరపీ చదివిన యొక చిన్నది, కీళ్ళ నొప్పులుగల పెద్దవారిని వారమునకు మూడు సాయంకాలములు చేర్చి వ్యాయామము చేయించుచున్నదట. ఒక కల్యాణమండపమువారు వసారాను ఉచితముగా ఇచ్చిరట. "అక్కడికి తీసుకెళ్ళండి. ఒక్కర్నీ ఇంట్లో చేయమంటే వారం చేస్తారు, మానేస్తారు" అని ఆమె చెప్పిరి.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పగనే మా అత్తగారు చేతులడ్డము పెట్టిరి. "డెబ్బయ్యేడేళ్ళొచ్చాక నాకు కసరత్తేమిటే? నలుగురూ చూసి నవ్వరూ?" అనిరి. మా మామగారు కాలము చేసిన పిమ్మట ఆమె గుడికి, చుట్టముల యిండ్లకు తప్ప గడప దాటి యెరుగరు. మేము పది దినములు బ్రతిమాలితిమి. చివరకు మాలో చిన్నది, "మీరు చెయ్యకండి అత్తయ్యగారూ, మాకూ మోకాళ్ళు లాగుతున్నాయి, మేం చేస్తాం, మీరు చూడండి" అనెను. అది అబద్ధమును కాదు. మాకును ఏబదులు దాటినవి. మెట్లెక్కునప్పుడు మా మోకాళ్ళును పలుకరించుచునే యున్నవి. ఆ మాటకు ఆమె మెత్తబడిరి.

ఉగాది వెళ్ళిన వారమున ఆటోలో అక్కడికి పోయితిమి. పదునలుగురు స్త్రీలు, ముగ్గురు పురుషులు గోడవారగా వరుసగా వేసిన కుర్చీలలో కూర్చుండియుండిరి. అందరును అరువది దాటినవారే. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయురాలొకరు, ఇంటింట పూలు అమ్మి జీవించిన ముసలమ్మయొకరు, పెద్ద మేడలోని కోమట్ల యింటి యజమానురాలొకరు, ఒకే వరుసలో ఒకే రకపు కుర్చీలలో కూర్చుండుట చూడ ముచ్చటగా నుండెను. ఆ చిన్నది మా అత్తగారికడకు వచ్చి, "మామ్మగారూ, లేవమని అడగను. కూర్చునే చేద్దాం. ఎక్కడ నొప్పనిపిస్తే అక్కడ ఆపేద్దాం" అనెను. లేవమని అడగననిన మాటచేతనే కాబోలు, మా అత్తగారు ఆనాడు గంటసేపు కదలక యుండిరి. రెండవనాడు కాలు చాపిరి.

అక్కడ చేయించు వ్యాయామము మల్లుల కసరత్తు కాదు. మన యిండ్లలోనే చేసికొనదగినది. కుర్చీ చక్రములు లేనిదై, గోడకు ఆని యుండవలెను. మొదటి ఐదు నిమిషములు కూర్చుండియే కాళ్ళు నేలపై కవాతువలె ఆడించి, భుజములు త్రిప్పి, శరీరమును వెచ్చజేయుదురు. తరువాత నొక కాలిని ముందునకు చాపి, మోకాలు తిన్నగానుంచి, ఐదు అంకెలు లెక్కించి, మెల్లగా దించుదురు. ఒక్కొక్క కాలికి ఎనిమిది పదిసార్లు. ఇది తొడ ముందటి కండరమునకు బలము. పిమ్మట కుర్చీ అంచునకు జరిగి, పాదములు వెనుకకు తీసి, ముక్కు మోకాళ్ళను దాటునట్లు ముందునకు వంగి, లేచి నిలుచుదురు. అంతకంటె మెల్లగా కూర్చుందురు. కూలబడుట కాదు, కూర్చుండుట. మొదట చేతుల ఊతతో. బలము వచ్చిన పిమ్మట ఊత లేకుండ. తరువాత కుర్చీ వెనుక నిలిచి, దాని వీపు పట్టుకొని, మడమలెత్తి మునివ్రేళ్ళపై నిలుచుట, కాలిని ప్రక్కకు చాచుట, ఒంటికాలిపై పది అంకెలవరకు నిలుచుట. ఈ చివరిది పడిపోకుండ కాచునది. చేతివ్రేళ్ళ కీళ్ళు పట్టుకొన్నవారు పిడికిలి మూసి తెరచుట, బొటనవ్రేలితో తక్కిన వ్రేళ్ళను వరుసగా తాకుట చేయుదురు. కడపట వసారాలో ఈ కొసనుండి ఆ కొసకు, శక్తికొలది, పది పదునైదు నిమిషముల నడక.

నొప్పిని గూర్చి అక్కడ నేర్పిన నియమము మాకు మిక్కిలి ఉపకరించెను. వ్యాయామము చేయునప్పుడు కొంచెము లాగుట, నొచ్చుట సహజము, దానికి భయపడరాదు. కాని ముగించిన రెండుగంటల పిమ్మటకూడ నొప్పి మునుపటికంటె హెచ్చుగానున్నచో, ఆనాడు ఎక్కువ చేసితిమని తెలిసికొని మరుసటిసారి తగ్గించుకొనవలెను, మానివేయరాదు. తగ్గించుట వేరు, మానుట వేరు. మన స్త్రీలము ఈ భేదము నెఱుగము. నొప్పి యున్ననాడు సంపూర్ణముగా పడుకొందుము. లేనినాడు రెండు దినముల పని ఒక్కనాడే చేయుదుము.

మొదటినాడు ఆ చిన్నది యొక పరీక్ష పెట్టినది. ముప్పది సెకండ్లలో, చేతులు రొమ్మున కట్టుకొని, కుర్చీలోనుండి ఎన్నిసార్లు లేవగలరో లెక్కించును. డెబ్బదియైదు దాటిన స్త్రీలు పదిసార్లయినను లేవగలుగుట సామాన్యమట. మా అత్తగారి లెక్క సున్న. అది కాగితముపై వ్రాసి గోడకు అంటించినప్పుడు మాకు మనస్సు చివుక్కుమనెను. మూడు నెలలకు ఆ సున్న మూడయ్యెను. ఆనాడు పూలమ్ముకొను ముసలమ్మ లేచి వచ్చి మా అత్తగారి చేతిలో రెండు మల్లెమూరలు పెట్టినది. ఆమె బహుకాలమునకు మనసారా నవ్వుట మేమానాడు చూచితిమి.

ఇట్లు నలుగురు కూడి చేయుట మా పేటలో పుట్టిన వింత కాదు. డెన్మార్కు దేశములో 2013లో ఇటువంటి ఏర్పాటు ప్రారంభమయ్యెను. మోకాలు, తుంటి అరిగినవారిని కూర్చుండబెట్టి ముందు రోగమును గూర్చి రెండు మూడు పాఠములు చెప్పుదురు. తరువాత ఆరువారములలో పండ్రెండుసార్లు వ్యాయామము చేయింతురు. అది పిమ్మట కెనడా, ఆస్ట్రేలియా దేశములకును ప్రాకినది. ఆస్ట్రేలియాలోనే పాల్ లామ్ అను వైద్యుడు, తానును కీళ్ళ నొప్పులతో బాధపడినవాడు, చైనావారి తాయ్ చీ అను మెల్లని కదలికలను కీళ్ళ రోగులకు అనుగుణముగా మార్చి 1997లో ఒక క్రమము నేర్పరచెను. అమెరికాలో 70 నుండి 89 సంవత్సరముల వయసుగల 1,635 మందిని తీసికొని, కొందరికి ఆరోగ్యపాఠములు మాత్రము చెప్పి, కొందరిచేత నడక, బలము, నిలుకడలకు సంబంధించిన వ్యాయామము చేయించి, సగటున రెండున్నర యేండ్లకు మించి గమనించిరి. 2014లో ఆ ఫలితము ప్రకటించిరి. పాఠములు మాత్రము విన్నవారిలో నూటికి 35.5 మంది, వ్యాయామము చేసినవారిలో నూటికి 30.1 మంది, నాలుగువందల మీటర్లు నడువలేని స్థితికి వచ్చిరి. భేదము కొండంత కాకపోవచ్చును. కాని ఆ నూటికి ఐదుగురిలో మన అమ్మయో, అత్తయో యున్నచో అది మనకు కొండంతయే గదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2019లో లోకమున 52 కోట్ల 80 లక్షలమంది ఈ అరుగుదల రోగముతోనుండిరి. వారిలో నూటికి అరువదిమంది స్త్రీలు. ఆ సంస్థయే 2020లో, అరువదియైదేండ్లు దాటినవారు వారమునకు 150 నుండి 300 నిమిషములవరకు మోస్తరు శ్రమచేయవలెనని, పడిపోకుండుటకును బలమునకును కావలసిన వ్యాయామములు వారములో మూడు దినములైన చేయవలెనని చెప్పినది. కదలలేనివారు ఎంత శక్తియున్న అంతయే చేయుదురు గాక. కొంచెమైనను సున్నకంటె మేలు. మా అత్తగారు ఏడు నిమిషములతో ప్రారంభించిరి.

శరీరపు బరువు మాటయు చెప్పవలెను. కూర్చుండి తినుటచే ఆమె బరువు డెబ్బదిరెండు కిలోలయ్యెను. తేలికైన ప్రతి కిలోకును, వేసిన ప్రతి అడుగున మోకాటిపై భారము నాలుగు కిలోల మేర తగ్గునని 2005లో అమెరికాలో ప్రకటితమైన యొక పరిశోధన చెప్పుచున్నది. మేము ఆమెను పస్తులుంచలేదు. సాయంకాలపు జంతికలు, బజ్జీలు తగ్గించి, రాత్రి అన్నమునకు బదులు జొన్నరొట్టె, పప్పు, కూర పెట్టితిమి. ఏడాదికి నాలుగు కిలోలు తగ్గిరి.

ఇంతవరకు చదివి, అంతయు సుఖముగా జరిగినదని మీరనుకొనవచ్చును. అట్లు కాలేదు. ఆ యేటి దసరా దినములలో, కొంచెము బలము వచ్చినదను ఉత్సాహముతో ఆమె రెండు దినములు వరుసగా నిలిచి పిండివంటలు చేసిరి. మోకాలు వాచెను. పది దినములు మంచముననే యుండిరి. మేము భయపడి, "ఇక చాలు, ఈ వయసులో ఇవన్నీ ఎందుకు?" అని మునుపటి కుర్చీ, మునుపటి కంచము సిద్ధము చేసితిమి. ఆ చిన్నదే ఇంటికి వచ్చి, "వాపు తీసేదాకా కూర్చుని చేద్దాం మామ్మగారూ" అని మరల సున్ననుండి ప్రారంభింపజేసినది.

రెండవ చిక్కు లోకులనుండి వచ్చినది. ఇంటిలో కొన్ని పనులు ఆమెకు మరల అప్పగింపవలెనని, అదియు వ్యాయామమేనని వైద్యురాలు చెప్పిరి. కూరలు తరుగుట, దేవుని గది తుడిచి దీపము పెట్టుట, తన కాఫీ గ్లాసు తానే తెచ్చుకొనుట, మెల్లమెల్లగా ఆమెకు విడిచితిమి. ఒకనాడు పొరుగింటి పెద్దమ్మగారు వచ్చి, ఆమె నిలుచుండి బెండకాయలు తరుగుట చూచి, వీధిలో నలుగురితో, "కోడళ్ళిద్దరూ కూర్చుని ఆ ముసలావిడ చేత పని చేయిస్తున్నారు" అనిరట. ఆ మాట మా చెవిని పడిననాడు మాలో చిన్నది రాత్రియంతయు కన్నీరు పెట్టుకొనెను. వెనుకటి మెప్పు ఎంత తీయగా నుండెనో ఈ నింద అంత చేదుగా నుండెను. మా అత్తగారి చేతిలోని కత్తిపీట లాగికొని, "మీరు కూర్చోండి" అనుట ఎంత సులువు! గ్లాసు పుచ్చుకొని ఆమె అడుగులో అడుగు వేయుచు వచ్చుచుండ, చేతులు కట్టుకొని చూచుచుండుటయే కష్టము. సేవచేయుటకు చేతులు చాలును. చేయక యుండుటకు మనస్సు గట్టిది కావలెనని మాకప్పుడు తెలిసినది.

ఈ నింద సంగతి ఎట్లో ఆమెకు తెలిసెను. మరునాటి సాయంకాలము వీధి అరుగుమీదకు తానే నడచిపోయి, ఆ పెద్దమ్మగారిని పిలిచి, "వదినా, వీళ్ళు నన్ను ఏడేళ్ళు దేవత చేసి కూర్చోబెట్టారు. ఇప్పుడు మనిషిని చేస్తున్నారు. నువ్వూ రా, కుర్చీ ఖాళీగా ఉంది" అనిరి. ఆమె పోపుల డబ్బావలె మూత బిగించి దాచుకొన్న మాట అది. ఏడేండ్లు ఆ మాట మాతో అనలేదు. మాకు సిగ్గును సంతోషమును కలిసి వచ్చెను. ఆ పెద్దమ్మగారు తరువాతి నెలనుండి వచ్చుచున్నారు.

మోకాళ్ళు బాగయినవా యని మీరడుగవచ్చును. అరిగినది తిరిగి రాలేదు, రాదు కూడ. చలిదినములలో నొప్పి యున్నది. నేలమీద బాసిపట్టు వేసికొని కూర్చుండలేరు. కుర్చీ, కమోడు ఉండవలసినదే. వానిని తీసివేయుమని మేము చెప్పుట లేదు. గోడకు పట్టుకొన కమ్మి, రాత్రివేళ దీపము, జారని చెప్పులు, ఇవి మనిషిని నడిపించు సాధనములు. మంచముకడకు వచ్చు కంచము మనిషిని ఆపు సాధనము. ఈ రెంటికిని గల భేదమే మేము నేర్చుకొన్న పాఠము. బిళ్ళలు ఎప్పుడో ఒకటి తప్ప లేవు. కమోడుమీదనుండి తానే లేచుచున్నారు. చేతుల ఊత లేకుండ ముప్పది సెకండ్లలో ఏడుసార్లు లేచుచున్నారు. పది కాలేదు.

2023 కార్తిక పూర్ణిమనాడు తెల్లవారకముందే మా అత్తగారు స్నానము చేసి, పట్టుచీర కట్టుకొని వాకిట నిలిచిరి. "నడిచే వెడతాను" అనిరి. మూడు వీధులు. నడుమ రెండుచోట్ల, ఒక గుడి అరుగుపైన, ఒక టీ దుకాణపు బల్లపైన, కూర్చుండి విశ్రమించిరి. కోటిలింగాల రేవునకు మేము చేరుసరికి నీటిమీద దీపములు బారులు తీరియుండెను. పెద్దకొడుకు ఒకచేయి, చిన్నకొడుకు ఒకచేయి పట్టుకొనగా, మంచి కాలు పైన, నొచ్చు కాలు ముందుగా దించవలెనని నేర్చిన ప్రకారము, ఒక్కొక్క మెట్టున రెండు పాదములును ఆనించి, ఆమె దిగిరి. పాచి పట్టిన మెట్టు రాకముందే ఆగిరి. మునుగలేదు. మునుగుమని మేమును అనలేదు. నీరు పాదములను తాకుచున్న మెట్టుపైన కొడుకులు వేసిన స్టూలుమీద కూర్చుండి, దోసిలితో నీరు తలపై చల్లుకొని, అరటిదొప్పలోని దీపమును వంగి తన చేతితో నదిలో విడిచిరి. తరువాత చాలసేపు పాదములు నీటిలోనుంచి మాటాడక కూర్చుండిరి. మేము వెనుక మెట్టుపై నిలిచి, 2015నాటి బిందెను తలచుకొంటిమి. ఆ బిందె మా యింట ఇప్పటికిని వాడుకలోనే యున్నది. దానిని చూచినప్పుడెల్ల ఆనాటి ఆమె నవ్వు మాకు గుర్తునకు వచ్చును.

సోదరీమణులారా! మీ యింటను ఇట్టి పెద్దవారుండవచ్చును. మీరే ఆ పెద్దవారు కావచ్చును. మాకు తోచిన రెండు మాటలు చెప్పి ముగించెదము. ముందుగా వైద్యునకు చూపుడు. కీళ్ళ నొప్పులన్నియు ఒక్క జాతివి కావు. కీలు ఎఱ్ఱబడి వేడిగా వాచినను, జ్వరము తోడైనను, రెండు చేతుల చిన్న కీళ్ళును వాచి ప్రొద్దుట గంటసేపు బిగిసికొనిపోయినను, అది వేరొక రోగమై యుండును. ఆలసింపక తగిన మందు పడవలెను. మా బృందములోని ఒకామెకు అట్లే ఆమవాతమని తేలి, మందులతో తేరుకొని మరల వచ్చిరి. గుండెజబ్బుగలవారు, శస్త్రచికిత్స అయినవారు అడిగి ప్రారంభింపవలెను. కీలు మార్పిడి శస్త్రము కావలసినవారికి అది మేలైనదే. దానికి ముందును వెనుకను కండరబలము కావలసియే యుండును.

తరువాత, ఒంటరిగా కాక నలుగురిని కూర్పుడు. దీనికి ధనము అక్కరలేదు. ఒక వసారా, పది కుర్చీలు, మొదట కొన్ని వారములైనను చేయించి చూపు శిక్షణ పొందినవారొకరు చాలును. మా వీధిలో ఒకరు రానినాడు ఇంకొకరు తలుపు తట్టుదురు. "ఇవాళ మోకాలు బాగోలేదు" అన్నవారితో, "బాగోలేదనే కదా వెళ్ళేది, పద" అందురు. మందుల చీటీలో వ్రాయబడని మందు అది. ఎనుబదియవ యేట క్రొత్త స్నేహితురాండ్రు దొరకుదురని మా అత్తగారు కలలోనైన అనుకొని యుండరు.

ఇక కోడండ్రకును కూతుండ్రకును మా మనవి. "మీరు లేవకండి" యను మాట నోటికి వచ్చినప్పుడు ఒక్క క్షణమాగి, చేయి అందించి, "లేవండి, నేనున్నాను" అని చూడుడు. మేము ఈ మాట నేర్చుకొనుటకు ఏడేండ్లు ఆలస్యము చేసితిమి. మీకంత ఆలస్యము కారాదనియే ఈ వ్రాత.

మా వ్యాయామపు వేళ సాయంకాలము ఐదు గంటలు. ఇది వ్రాయుచుండగనే లోపలినుండి మా అత్తగారు, "ఐదవుతోంది, ఇంకా రాతలేనా?" అని కేక వేయుచున్నారు. సెలవు.